అన్నిటికీ పనికొచ్చే తుపాకి ఏది?

(అడవిపందుల బెడదపై మన సంఘం మండల సభలో ఒక సభ్యుడు, మాజీ సైనికుడు, మక్క రైతు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నది తుపాకి గురించి. ఆరు నెలల నుంచి ఎక్కడ కూర్చున్నా ఇదే ప్రశ్న. హోటల్ దగ్గర అడుగుతున్నరు, విత్తనాల దుకాణం దగ్గర అడుగుతున్నరు, మొన్న చావింటికి పోతే అక్కడా ఒకాయన పక్కకు పిలిచి అడిగిండు. "కాకా, నువ్వు మిలటరీల పదిహేడేళ్లు చేసినవు. పందికి, కోతికి, దొంగకు, అన్నిటికీ పనికొచ్చే తుపాకి ఒక్కటి చెప్పు. లైసెన్సుకు పెట్టుకుంటం."

ఆ చావు ఎట్ల జరిగిందో మీలో చాలామందికి తెలుసు. పేర్లు వద్దు. పందుల కోసమని మక్కచేను చుట్టూ బైండింగ్ వైరు కట్టి, మోటరు కరెంటు తగిలించిండు ఒక రైతు. తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి అడ్డదారిన పోయిన పక్కచేను పిల్లగాడు ఆ తీగ మీద పడ్డడు. చచ్చినోడు, తీగ కట్టినోడు వరసకు బాబాయి కొడుకులు. ఒక ఇంట్లో దినాలు చేసిన్రు, ఇంకో ఇంటికి పోలీసులు వచ్చిన్రు. ఇది నిర్లక్ష్యం కేసుతో పోదు. చంపాలని లేకపోయినా, చస్తరని తెలిసి చేసిన పని కింద నరహత్య కేసు అవుతది. కరెంటు చౌర్యం కేసు దానికి అదనం. పంది మాత్రం మరుసటి రాత్రి ఇంకో దిక్కు నుంచి వచ్చింది.

అందుకే తుపాకి అడగడం తప్పని నేను అనను. తీగ కంటే తుపాకి నయం. తీగకు కండ్లు ఉండవు, తుపాకి వెనక మనిషి ఉంటడు. అయితే ఆ మనిషికి ఏం తెలిసి ఉండాలో చెప్పకుండా "ఫలానా బోర్ కొనుక్కో" అని చెప్పి పోతే, రేపు ఇంకో చావుకు నేను బాధ్యుణ్ని అయితా.

ముందు ఒక ముచ్చట. మా మేనల్లుడు అమెరికాల, టెక్సాస్‌ల ఉంటడు. మొన్న ఫోన్‌ల ఈ పందుల సంగతి చెబితే నవ్విండు. అక్కడ కూడ పందుల బాధ మనకంటే తక్కువ లేదట. ఎన్నడో స్పెయిన్ వాళ్లు తెచ్చి వదిలిన ఊరపందులు అడవి పట్టి పెరిగినయి. ఆ పంది వాళ్ల చట్టంలో రక్షణ ఉన్న జంతువు కాదు. సొంత భూమిల, లేదా భూమి యజమాని ఒప్పుకుంటే ఇంకొకరి భూమిల, పందిని కాల్చడానికి 2019 నుంచి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. "మామా, ఒక్క తుపాకితో అన్నీ అయిపోవాలంటే .308 తీసుకో, లేదంటే థర్టీ నాట్ సిక్స్" అన్నడు. వాని దేశంల అది మంచి సలహానే. థర్టీ నాట్ సిక్స్ 1906లో వాళ్ల సైన్యం కోసం తయారైన తూటా. కుందేలుకు ఎక్కువే అయినా, జింక నుంచి పెద్ద ఎలుగు దాకా దానితో వేటాడినోళ్లు వందేండ్ల నుంచి ఉన్నరు. అన్నిటికీ ఒకటే రైఫిల్ ఏదంటే అక్కడి పాతకాపులు ముందు చెప్పేది దాని పేరే.

ఇదే సలహా మన ఊరికి తెస్తే ఏమైతదో చూడండి. .308 మన దగ్గర నిషిద్ధ బోర్. ఎందుకంటే సైన్యం వాడే 7.62 తూటా అందులో పడుతది. మన ఆయుధాల నియమాలు సర్వీసు తూటా పట్టే రైఫిల్‌ను మామూలు మనిషికి ఇవ్వవు. త్రీ నాట్ త్రీ కూడ అంతే, పోలీసుల చేతుల చూసి అది కావాలని అడిగేటోళ్లు ఉన్నరు, అడగకండి. థర్టీ నాట్ సిక్స్ గుండు లావు .308 గుండుతో సమానమే. కాని తూటా గొట్టం 63 మిల్లీమీటర్లు, దానిది 51. ఒకటి ఇంకొకదానిలో పట్టదు, అందుకని థర్టీ నాట్ సిక్స్‌కు అనుమతి ఉంది. మన ప్రభుత్వ ఫ్యాక్టరీ చేసే రైఫిళ్లల్ల ఎక్కువమంది చేతుల కనబడేది .315. బెంగాల్‌ల ఇషాపూర్ ఫ్యాక్టరీది. చూస్తే అచ్చం త్రీ నాట్ త్రీ తమ్ముని లెక్క ఉంటది, దాని యంత్రమే దీనిలోనూ ఉంది. తెల్లదొర తన సైన్యం తూటాలు మనకు చిక్కొద్దని సర్వీసు బోర్‌ను పక్కకు పెట్టి, ఇట్లాంటి వేరే బోర్లను మనకు వదిలిండు. ఆ భయం పోయి ఇన్నేండ్లయినా బోర్ మాత్రం మిగిలింది.

ఈ .315 నా దగ్గర ఉండేది. మిలటరీ నుంచి వచ్చినంక లైసెన్సు తీసుకున్న. గుండు 244 గ్రెయిన్లు, అంటే పదహారు గ్రాములకు కొంచెం తక్కువ. పందికి చాలు, దానికంటే పెద్దదానికీ చాలు. అది ఉన్నందుకు ఊర్ల గొప్పగా కూడ ఉండేది, అబద్ధం ఎందుకు.

ఒక ఏడు మా ఊరికి అటవీ శాఖ ఉత్తర్వు వచ్చింది, కాల్చేవాళ్లల్ల నా పేరు కూడ ఉంది. మక్క పాలకంకి మీద ఉంది. రాత్రి పదకొండు దాటింది. గాలి నా ముఖం మీదికే వీస్తుంది, అంటే పందికి నా వాసన పోదు. గట్టు మీద మోకాలు మీద కూర్చున్న. ఎనభై గజాల దూరంల చేను అంచుకు ఒక పెద్ద మగపంది వచ్చి నిలబడ్డది. పక్కకు తిరిగి, అచ్చం బొమ్మల పుస్తకంల ఉన్నట్టు. సేఫ్టీ తీసిన. వేలు ట్రిగ్గర్ మీదికి పోతుంటే పంది వెనక, రెండు చేన్ల అవతల, చిన్న ఎర్రటి చుక్క ఒకటి వెలిగి ఆరింది.

బీడీ.

మోటరు దగ్గర ఎవరో కూర్చొని బీడీ తాగుతున్నరు. ఆ రాత్రి అటు దిక్కు ఎవరూ ఉండరని సాయంత్రం అందరికీ చెప్పి వచ్చినం. ఆయన పొద్దున ఊరికి పోయి రాత్రి బస్సుకు వచ్చిండు, ఆయనకు తెల్వదు. నేను తూటా తీసేసి ఇంటికి వచ్చిన. పంది తినేది తిని పోయింది. ఆయనకు ఈనాటికీ ఈ సంగతి తెల్వదు, ఈ సభల లేడు కాబట్టి చెబుతున్న.

రైఫిల్ గుండు పందిని తాకినా ఆగుతదని నమ్మకం లేదు. ఎముకకు తగలకపోతే అటువైపు నుంచి బయటికి వస్తది. తప్పిపోయిందా, రెండు కిలోమీటర్లు దాటి పోగల శక్తి దానికి ఉంది. థర్టీ నాట్ సిక్స్ అంతకంటే దూరం పోతది. చిన్నది కదా అని .22 అడుగుతున్నరు కొందరు. దాని గుండు 40 గ్రెయిన్లు, రెండున్నర గ్రాములు. పందిని చంపదు, గాయపరిచి పొదలోకి పంపుతది. కాని ఆ తూటాల డబ్బా మీద కూడ మైలు దూరం వరకు ప్రమాదమని రాసి ఉంటది. మన పొలాల మైలు దూరంల ఏముంటది? ఊరుంటది. బావికాడ మంచం ఉంటది. గొర్ల మంద ఉంటది, మంద దగ్గర కురుమాయన ఉంటడు. టెక్సాస్‌ల ఒక్కొక్కని భూమి వేల ఎకరాలు. మన దగ్గర రెండెకరాలకు ఒక గట్టు, ప్రతి గట్టు మీద ఒక మనిషి. అందుకని వాళ్లకు "ఏ బోర్" అన్నది మొదటి ప్రశ్న అయితే, మనకు మొదటి ప్రశ్న "గుండు ఎక్కడ ఆగుతది" అన్నది.

నేను ఆ రైఫిల్ ఇచ్చేసి పన్నెండు బోర్ డబుల్ బ్యారెల్ తీసుకున్న. ఊర్ల కొంచెం గౌరవం తగ్గింది. "మిలటరీ ఆయన చేతుల బాతుల తుపాకి" అన్నరు.

పన్నెండు బోర్ అంటే ఏందో చాలామందికి తెల్వదు. గొట్టం లోపలి లావుకు సరిపోయే సీసపు గుండ్లు పన్నెండు చేస్తే ఒక పౌను తూగుతయి, అందుకే ఆ పేరు. లోపల రైఫిల్‌కు ఉన్నట్టు మెలిక గాళ్లు ఉండవు, నున్నగా ఉంటది. అందుకని గుండు దూరం పోదు, గురి కూడ దూరం నిలవదు. దుకాణంల ఇది లోపమని చెబుతరు. మన చేన్లల్ల ఇదే దాని గుణం. ఎల్జీ తూటాల అరడజను పైచిలుకు పెద్ద గుండ్లు ఉంటయి, అవి ఎంత పోయినా కిలోమీటరు లోపే పడిపోతయి. ఒంటి గుండు తూటా కూడ ఉంది, బరువు ఇంచుమించు ఔన్సు, అంటే నా పాత రైఫిల్ గుండుకు రెండింతలకు దగ్గర. దగ్గరి దూరంల దాని దెబ్బకు పంది నిలవదు.

దూరం సంగతి గట్టిగా పట్టుకోండి. ఎల్జీతో ముప్పై గజాలు, అంతే. ఒంటి గుండుతో, చేతికి అలవాటు ఉంటే, యాభై. దానికి మించి కాలిస్తే గుండ్లు చెదిరి ఒకటో రెండో తగులుతయి, పంది ఎక్కడికో పోయి నాలుగు రోజులకు చస్తది, లేదంటే చావక మనుషుల మీదికి వస్తది. పిట్టల తూటాలు పందికి పనికిరావు. మగపంది భుజం మీద చర్మం కింద గట్టి మందం ఉంటది, పోట్లాటల ఇంకో పంది కోర దిగకుండ దేవుడు పెట్టిన డాలు అది. చిన్న రవ్వలు అక్కడే ఆగిపోతయి. ఇంకొకటి, డబుల్ బ్యారెల్‌ల ఒక గొట్టం మూతి దగ్గర కొంచెం ఇరుకు ఉంటది, చోక్ అంటరు. ఒంటి గుండు ఆ గొట్టంల వేయొచ్చా లేదా అని తూటా అమ్మే ఆయనను అడగకుండ వేయకండి.

పంది గుండె మనం అనుకున్నంత పైన ఉండదు. ముందు కాలు వెనకనే, కిందికి, ఒళ్లు మూడు భాగాలు చేస్తే కింది భాగంల ఉంటది. చాలామంది వీపు చూసి కాలుస్తరు, వెంట్రుకలు లేస్తయి, పంది లేసిపోతది.

ఇక మంచె. మన తాతలు పిట్టలకు, పందులకు మంచె కట్టి కూర్చున్నది ఊరికే కాదు. నేల మీద మోకాలు వేసి కాలిస్తే గుండు నేలకు దాదాపు సమంగా పోతది, తప్పితే ఎక్కడ ఆగుతదో దేవునికి తెలుసు. పది పన్నెండు అడుగుల ఎత్తు నుంచి ముప్పై గజాల్ల ఉన్న పంది గుండె మీద కాలిస్తే, గుండు పందిని దాటినా నాలుగైదు గజాల్లనే నేలలోకి దిగుతది. దుక్కి నేల అయితే అక్కడే ఆగుతది. బండలు, మొరం ఉన్న చెల్క అయితే ఎగిరి పోవచ్చు, అక్కడ మంచె దిక్కు మార్చాలి. వెయ్యి రూపాయల కర్రలతో కట్టిన మంచె ఏ బోర్ ఇయ్యని భద్రత ఇస్తది. పైగా వాసన కూడ మీదనే పోతది, పందికి తొందరగా అందదు.

లైసెన్సు సంగతికి వస్త. ఇక్కడ మనకు తెల్వక పోగొట్టుకుంటున్నది చాలా ఉంది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ చదివించుకోండి. పంట కాపలా కోసం మూతి నుంచి మందు కూరే తుపాకికి, రక్షణ కోసం 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్న గొట్టం తుపాకికి లైసెన్సు "ఇవ్వాలి" అని ఉంది. రైఫిల్‌కు అట్ల లేదు, తగిన కారణం ఉందని అధికారి ఒప్పుకోవాలి. మందు కూరే తుపాకి పంటకు చాలదని అధికారికి అనిపిస్తే వేరే నున్న గొట్టం తుపాకి ఇవ్వొచ్చని కూడ అదే సెక్షన్‌ల ఉంది. కాబట్టి దరఖాస్తుల "నాకు తుపాకి కావలెను" అని రాసి ఊరుకోకండి. ఎన్ని ఎకరాలు, ఏ పంట, ఎన్నిసార్లు నష్టం, మందు కూరే తుపాకి వానల ఎందుకు పేలదు, ఒక్కటే దెబ్బ ఎందుకు చాలదు, అన్నీ రాయండి. పట్టా జిరాక్సు, నష్టం ఫొటోలు పెట్టండి. శిక్షణ సర్టిఫికెట్ కూడ కావాలి.

"నీకు ఆస్తి ఏముంది, తుపాకి ఎందుకు" అని ఒక ఆఫీసుల మన సభ్యుణ్ని ఎగతాళి చేసి పంపిన్రు. సరిపడ ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించొద్దని 14వ సెక్షన్ చెబుతది. నిరాకరిస్తే కారణం కాగితం మీద రాయాలి, దాని మీద అప్పీలు ఉంది. నోటితో వద్దన్నది నిరాకరణ కాదు, దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. పోలీసు విచారణ ఉంటది, కేసులు ఉన్నోళ్లకు కష్టం. రాకపోవచ్చు కూడ, నేను మాట ఇయ్యలేను. వచ్చిన లైసెన్సు ఐదేండ్లు నడుస్తది. ఎన్నికలు వస్తే తుపాకి ఠాణాల పెట్టమంటరు, పంట చేతికొచ్చే రోజులే అయినా సరే. దీని మీద మన సంఘం ఒక మినహాయింపు అడగాలని నా అభిప్రాయం.

భర్మార్లు, నాటు తుపాకులు ఉన్నోళ్లు ఎవరైనా ఈ సభల ఉంటే, నేను పేరు అడగను. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని తుపాకి ఉంటేనే రెండేండ్లకు తక్కువ కాకుండ శిక్ష. పంది కోసం ఆ బతుకు వద్దు.

ఇప్పుడు అందరూ మరిచిపోయేది చెబుతున్న. తుపాకి లైసెన్సు వేరు, పందిని కాల్చే అనుమతి వేరు. తుపాకి ఉన్నంత మాత్రాన పందిని కాలిస్తే 1972 వన్యప్రాణి చట్టం కింద మూడేండ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు. పంది ఇప్పుడు ఆ చట్టం రెండో షెడ్యూల్‌ల ఉంది. పంటకు ప్రమాదమైందని తేలితే 11వ సెక్షన్ కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షణ అధికారి గాని, ఆయన అధికారం ఇచ్చినోళ్లు గాని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇయ్యొచ్చు. ఏ ప్రాంతంల, ఎవరు కాల్చాలో అందులనే ఉంటది. ఆ కాగితం జేబుల లేకుండ చేనుల తుపాకి లేపకండి. నెమలి మొదటి షెడ్యూల్, జాతీయ పక్షి, దాని మీద ఏ ఉత్తర్వూ అడగకండి. కోతి సంగతి నన్ను అడిగేటోళ్లకు నా జవాబు ఒక్కటే, తుపాకితో అయ్యే పని కాదది.

62వ సెక్షన్ కింద కేంద్రం ఒక జంతువును కొంతకాలం, కొంత ప్రాంతానికి హానికర జంతువుగా ప్రకటించొచ్చు. 2015 చివర్ల బిహార్‌కు నీల్‌గాయ్, పంది విషయంల, 2016ల ఉత్తరాఖండ్‌కు పంది విషయంల అట్ల చేసింది. కేరళ అడిగితే ఇయ్యలేదు. కేరళ వాళ్లు ఊరుకోలే, 2022 మే నెలల పంచాయతీ అధ్యక్షులకే గౌరవ వన్యప్రాణి వార్డెన్ల హోదా ఇచ్చి, పందిని కాల్చే ఉత్తర్వు ఊర్లనే వచ్చేటట్టు చేసుకున్నరు. రైతు జిల్లా కేంద్రం చుట్టూ తిరిగే పని తప్పింది. మన సంఘం అడగాల్సింది ఇదే. ఊరికి ఐదుగురికి తుపాకులు రావడం కంటే, పంట పాలు పోసుకోకముందే ఊరికి ఉత్తర్వు రావడం, గుర్తింపు ఉన్న మంచి షూటర్ ఒక్కడు రావడం, వాని ఖర్చు సర్కారు పెట్టుకోవడం ఎక్కువ పనికొస్తది. ఆడపంది నాలుగు నెలలకు తక్కువ మోసి ఒక్క ఈతకు నాలుగారు పిల్లలు పెడుతది. ఎవనికి వాడు అమాసకొకటి కాలుస్తుంటే లెక్క తేలదు.

తుపాకి వచ్చేదాకా ఏం చేయాలి? పల్లికి చుట్టూ కుసుమ, మక్కకు చుట్టూ ఆముదం వరసలు వేసి చూసినోళ్లకు కొంత ఫలితం ఉంది. సోలార్ కంచె మంచిదే, అది దెబ్బ కొడుతది గాని ప్రాణం తీయదు, తీగకు దానికి అదే తేడా. కాని గడ్డి తగిలితే పనిచేయదు, వారానికోసారి కింద గడ్డి కోయాలి. కోయలేనోళ్లు కొనకండి.

చివరికి ఇందాక వెనక వరుసల నుంచి ఒక తమ్ముడు చీటీ పంపిండు, "కాల్చిన పందిని ఏం చేయాలి?" అని. నవ్వకండి, మంచి ప్రశ్న. ఉత్తర్వు కింద చంపిన పంది సర్కారు ఆస్తి. పంచుకున్నా, వండుకున్నా, అమ్మినా కేసే. అటవీ శాఖ వాళ్లకు ఫోన్ చేయాలి, వాళ్లు వచ్చి పంచనామా రాసినంక గుంత తీసి పూడ్చాలి. గుంత తీసే మనిషిని, జేసీబీని పొద్దుగాలనే మాట్లాడి పెట్టుకోండి. రాత్రి రెండింటికి ఎవ్వరూ దొరకరు, తెల్లారేవరకు ఆ పంది కాడ కూర్చునేది మీరే.